జానెడు చెయ్యి, బారెడు చూపు

2024 మే నెలలో ఒక మధ్యాహ్నం, పిల్లలంతా వెళ్ళిపోయాక, నా క్లాసు గదిలోకి ఒకాయన వచ్చాడు. ఛాతీ మీద ఒక యూనివర్సిటీ గుర్తున్న చొక్కా, చేతిలో ఫోను, ముఖం నిండా మర్యాద. నేను డాలస్ శివార్లలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా స్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఆడే ఒక పదకొండో తరగతి పిల్లవాడి గురించి మాట్లాడాలని వచ్చాడాయన. మైదానంలో వాడిని అప్పటికే చూశాడు. ఇక తెలుసుకోవాల్సింది మిగతా వివరాలు. క్లాసులో మాట వింటాడా? తప్పు చూపిస్తే ఎలా తీసుకుంటాడు? స్నేహితులెవరు? ఇంట్లో ఎవరెవరుంటారు? వాళ్ళమ్మ ఎలాంటి మనిషి?

ఆ చివరి ప్రశ్న దగ్గర నాకు ఉలిక్కిపాటు కలిగింది. ఈ ప్రశ్నలు నేను ఇంతకుముందు విన్నాను. ముప్ఫై ఏళ్ళ క్రితం తెనాలిలో, మా ఇంటి ముందు గదిలో, నా గురించి. అడిగినవాళ్ళు మా పక్కింటివాళ్ళని కూడా అడిగి వెళ్ళారని తర్వాత తెలిసింది.

మీలో చాలామందికి అమెరికన్ ఫుట్‌బాల్ పరిచయం ఉండకపోవచ్చు. పేరుకి ఫుట్‌బాలే గాని కాలితో తన్నడం తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తడం ఎక్కువ. వైడ్ రిసీవర్ అంటే జట్టు వరసలో అందరికీ దూరంగా, అంచున నిలబడేవాడు. ఆట మొదలవగానే ముందే అనుకున్న దారిలో పరిగెత్తి, మధ్యలో హఠాత్తుగా మలుపు తిరిగి, తన మీదికి వచ్చే బంతిని గాల్లో అందుకోవాలి. అదే క్షణంలో ఎదుటి జట్టువాడు తన శరీరం బరువంతా వేసి వాడిని గుద్దుతాడు. రెండు చేతులూ పైకెత్తి, పక్కటెముకలు ఎవరికో అప్పగించి, కళ్ళు మాత్రం బంతి మీదే ఉంచాలి. ఆ పిల్లవాడు ఇది ఎంత అందంగా చేస్తాడో చెప్పడానికి నాకు మాటలు చాలవు. పేరు మాత్రం ఇక్కడ రాయను. వాడి గురించి వాడిని అడక్కుండా రాసినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

కాలేజీ జట్ల కోసం ఇలాంటి పిల్లల్ని వెతికి, చూసి, తూచే పనిని స్కౌటింగ్ అంటారు. ఎత్తు, బరువు, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తుతాడు, నిలబడ్డ చోటు నుంచి ఎంత పైకి ఎగురుతాడు, ఇవన్నీ రాస్తారు. రిసీవర్లకి ప్రత్యేకంగా అరచెయ్యి కొలుస్తారు. వేళ్ళు బాగా చాపి, బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా. తర్వాత రెండు చేతులూ బార్లా చాపించి, ఈ కొస నుంచి ఆ కొసకి. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. మొదటిది జాన, రెండోది బార. మా నానమ్మ పూలదండ కొన్నా, నవారు కొన్నా ఇవే కొలతలు. తన చేత్తో వస్తువుని కొలిచేది. ఇక్కడ చెయ్యే వస్తువైంది. కొలతలన్నీ కలిపి, ఆట వీడియోలు చూసి, ఇంటర్నెట్‌లో పిల్లలకి రెండు నుంచి అయిదు దాకా నక్షత్రాలు వేస్తారు. మా వాడికి మూడు నక్షత్రాలు. పదహారేళ్ళ పిల్లవాడు "నేను త్రీ స్టార్ని" అని తన గురించి చెప్పుకోవడం విన్నప్పుడు హోటలు బోర్డు గుర్తొచ్చింది.

వసంతకాలంలో కొన్ని వారాల్ని 'ఎవాల్యుయేషన్ పీరియడ్' అంటారు. ఆ వారాల్లో కాలేజీ కోచ్‌లు హైస్కూలుకి రావచ్చు, పిల్లల్ని చూడొచ్చు, వాళ్ళ కోచ్‌లతో, మాలాంటి టీచర్లతో మాట్లాడొచ్చు. పిల్లవాడితో మాత్రం స్కూల్లో ఎదురుగా కూర్చుని కాలేజీ మాటలు మాట్లాడకూడదని అప్పట్లో ఉండేది. ఎదురుపడితే పలకరింపుతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది. పిల్లల్ని ఒత్తిడి నుంచి కాపాడటానికి పెట్టిన నియమమే ఇది. మంచిదే. కానీ ఫలితం చూడండి. వాడి చుట్టూ ఉన్నవాళ్ళందరితో వాడి గురించి మాట్లాడతారు. వాడు పరిగెత్తి చూపించాలి, అంతే. వాళ్ళు కంచె అవతల చేతులు కట్టుకుని నిలబడి చూస్తారు. ఒక్కోసారి ఏమీ చెప్పకుండా కారెక్కి వెళ్ళిపోతారు.

నన్ను చూడటానికి వచ్చినవాళ్ళు కూడా "ఊరెళ్ళి ఉత్తరం రాస్తాం" అని వెళ్ళారు. నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసిన నన్ను న్యూస్‌పేపర్లో నాలుగు లైన్లు చదవమన్నారు, కళ్ళు బాగున్నాయో లేదో తెలియడానికి. పెళ్ళికొడుకు మేనత్త పెరటి చూపించమనే నెపంతో నన్ను లోపలికి తీసుకెళ్ళి, జడ పట్టి చూసి, అరచేతులు తిప్పి చూసి, "చేతులు కాస్త గరుకమ్మా" అంది. ఆ ఉత్తరం ఎప్పటికీ రాలేదు. అమ్మ మూడు నెలలు పోస్టుమాన్ కోసం ఎదురు చూసింది. వాళ్ళు వద్దన్నందుకు నాకు బాధ లేదు. వద్దనే మాట కూడా చెప్పనవసరంలేని మనిషిగా నన్ను చూసిన ఆ చూపు మాత్రం చాలా ఏళ్ళు వెంటాడింది.

అందుకే ఆ మే నెల మధ్యాహ్నం నాకు కోపం వచ్చింది. అయినా ఏం చేశాను? జవాబులన్నీ చెప్పాను. "చాలా బుద్ధిమంతుడు, వాళ్ళమ్మ రాత్రి డ్యూటీ చేసి కూడా ప్రతి పేరెంట్ మీటింగుకీ వస్తుంది" అన్నాను. మా వీధిలో పెళ్ళిసంబంధం చెడిపోకూడదని పొరుగమ్మాయి గురించి మంచి ముక్కలు ఏరి చెప్పే పిన్నిగారిలా మాట్లాడాను. ఆయన వెళ్ళాక గాని తెలియలేదు, నేను చూడబడేవాళ్ళ వైపు నుంచి చూసేవాళ్ళ వైపుకి దాటేశానని.

నిజానికి అంతకు ముందే దాటాను. టెక్సాస్‌లో 1984 నుంచి 'నో పాస్, నో ప్లే' అనే చట్టం ఉంది. ఏ సబ్జెక్టులో అయినా 70 మార్కులు రాకపోతే ఆ విద్యార్థి కొన్ని వారాలు ఆటలకి దూరంగా ఉండాలి. చదువుని ఆట మింగేయకుండా తెచ్చిన చట్టం. దానితో లెక్కల టీచరు చేతిలోకి ఒక గేటు తాళం వచ్చింది. పదకొండో తరగతి మొదట్లో వాడికి ఆల్‌జీబ్రాలో 71 వచ్చింది. ఒక లెక్కలో సగం దారి సరిగా నడిచినందుకు రెండు మార్కులు ఇచ్చాను. అలా ఇవ్వడం తప్పు కాదు, అందరికీ ఇస్తాను. కానీ ఆ రోజు ఆ కాగితం దగ్గర ఎక్కువసేపు ఆగాను. వెనక బెంచీలో కూర్చుని ఎవరి కంటా పడని అమ్మాయి కాగితం దగ్గర అంతసేపు ఆగేదాన్నా? వాడి వేగం నా ఎర్ర పెన్నుని కూడా తాకిందా? ఈ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర నిజాయితీ గల జవాబు లేదు.

స్త్రీలు ఆ కుర్చీలో కూర్చుంటే చూపు మారుతుందని మనం ఆశపడతాం. వృత్తి ఫుట్‌బాల్లో మొదటి మహిళా స్కౌట్ కానీ కార్బర్గ్. 1976లో న్యూయార్క్ జెట్స్ జట్టు ఆమెని ఆ పనిలోకి తీసుకుంది. పూర్తిగా మగవాళ్ళదైన గదిలోకి ఒక స్త్రీ నడిచి వెళ్ళడం చిన్న విషయం కాదు, ఆమె పట్ల నాకు గౌరవం ఉంది. అయితే నా అరచేతులు తిప్పి చూసింది కూడా స్త్రీయే. కొలబద్ద ఎవరి చేతిలో ఉందన్నది ఒక ప్రశ్న, కొలబద్ద దేన్ని కొలవగలదన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తీరిపోదు.

కొలబద్ద దేన్ని చూడలేదో చెప్పడానికి జెర్రీ రైస్ కథ చాలు. మిసిసిపీలో క్రాఫర్డ్ అనే చిన్న ఊరు. తండ్రి ఇటుకలు పేర్చే తాపీ మేస్త్రీ. వేసవిలో కొడుకులు సాయానికి వెళ్ళేవారు. అన్నదమ్ములు కింద నుంచి ఇటుకలు విసిరితే జెర్రీ వాటిని పట్టుకునేవాడు. పెద్ద యూనివర్సిటీలేవీ అతన్ని పిలవలేదు. మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న నల్లజాతి కాలేజీలో ఆడాడు. 1985లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు తీసుకుంది. ఆట మానేసేనాటికి 1,549 సార్లు బంతి అందుకున్నాడు. ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే. ఆ చేతుల్ని తయారుచేసింది ఇటుక. నా చేతుల గరుకుదనం చూసిన మేనత్తకి, అది బావిలోంచి నీళ్ళు తోడీ, అంట్లు తోమీ, ఆ మధ్యలోనే కాల్క్యులస్ చేసిన చెయ్యి అని తెలియనట్టే, శ్రమ చేతిలో మిగిల్చిన జ్ఞానం జానతో కొలిస్తే తెలిసేది కాదు.

ఇక్కడిదాకా రాసి నన్ను నేను హెచ్చరించుకోవాలి. పెళ్ళిచూపుల పోలిక నాకు సొంతది కాబట్టి సులువుగా వచ్చింది. కానీ అది మొత్తానికీ సరిపోదు. ఆ పిల్లవాడు నల్లవాడు. ఒక నల్లజాతి పిల్లవాడి ఒంటిని నిలబెట్టి కొలవడం అంటే ఈ దేశంలో ఇంకో జ్ఞాపకం ఉంది, అది వేలం పాటది. విలియం రోడెన్ 2006లో నల్లజాతి ఆటగాళ్ళ గురించి రాసిన పుస్తకానికి 'నాలుగు కోట్ల డాలర్ల బానిసలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ చరిత్ర నాది కాదు. దాన్ని నా తెనాలి ముందు గదిలో ఇరికించే హక్కు నాకు లేదు. ఇంకో తేడా కూడా ఉంది. కాఫీ ట్రే పట్టుకుని నడవడంలో నాకు ఏ ఆనందమూ లేదు. బంతి అందుకోవడంలో వాడికి ఉంది. వాడు ఆడాలనుకుంటున్నాడు. వాడి కోరికని పక్కకి నెట్టి, వాడిని బాధితుడు అని మాత్రమే పిలిస్తే, అది నా వైపు నుంచి ఇంకో రకం కొలత అవుతుంది.

మన తెలుగు కుటుంబాల సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్ళో శుక్రవారం రాత్రి స్టేడియం నిండుతుంది. మన పిల్లలు చాలామంది మార్చింగ్ బ్యాండులో ఉంటారు. మా అబ్బాయి ట్రంపెట్ వాయించాడు. విరామంలో బ్యాండు వాయించాక తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుని, రెండో సగం కూడా చూసి, బాగా అరిచి వెళతారు. "మీవాడిని ఫుట్‌బాల్లో చేర్చొచ్చుగా" అని ఎవరైనా అంటే మాత్రం, "అమ్మో, తలకాయలు పగిలే ఆట" అని నవ్వేస్తారు. నేనూ నవ్వాను. మన పిల్లల తలలు చదువుకోవడానికి, వాళ్ళ పిల్లల తలలు మనం చూడటానికి. ఎవరి శరీరం దేనికి అని పుట్టుకతోనే పంచిపెట్టే పద్ధతి మనకి అమెరికాలో నేర్పలేదు, వచ్చేటప్పుడే సామానుతో తెచ్చుకున్నాం.

తల విషయం నాకు లెక్కల పాఠంగా ఎదురైంది. పన్నెండో తరగతిలో వాడు నా స్టాటిస్టిక్స్ క్లాసులో చేరాడు. శాంపిల్ ఎలా తీస్తారో చెప్పడానికి 2017లో బోస్టన్ యూనివర్సిటీకి చెందిన ఆన్ మెకీ బృందం ప్రచురించిన అధ్యయనాన్ని తీసుకున్నాను. ఫుట్‌బాల్ ఆడి చనిపోయిన 202 మంది మెదళ్ళని వాళ్ళు పరీక్షించారు. తలకి పదేపదే తగిలే దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే మెదడు జబ్బు 177 మందిలో కన్పించింది. వృత్తి ఆటగాళ్ళు 111 మందిలో 110 మందికి, కాలేజీ దాకా ఆడినవాళ్ళు 53 మందిలో 48 మందికి, హైస్కూలుతో ఆపేసినవాళ్ళు 14 మందిలో ముగ్గురికి. అయితే ఇవి అనుమానం ఉన్న కుటుంబాలు దానం చేసిన మెదళ్ళు. అందుచేత ఆడేవాళ్ళందరికీ ఇదే నిష్పత్తి అనకూడదు. పాఠం అదే. క్లాసంతా రాసుకుంటుంటే వాడు చెయ్యెత్తి, "అయితే మిస్, మాలో ఎంతమందికి వస్తుందో తెలియాలంటే మేం అందరం చనిపోయేదాకా ఆగాలా?" అన్నాడు. బతికుండగా ఈ జబ్బుని కచ్చితంగా నిర్ధారించే పరీక్ష ఇంకా లేదు. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ అక్టోబరులో ఒక సోమవారం వాడు టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నాడు. "మిస్, ఆ లైటు ఆపుతారా?" అన్నాడు. బోర్డు మీది అంకెలు జంటలుగా కన్పిస్తున్నాయన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఎందుకంటే వచ్చే శుక్రవారం, ఎన్నాళ్ళుగానో వాడు ఎదురు చూస్తున్న పెద్ద యూనివర్సిటీ నుంచి మనిషి వస్తున్నాడు.

టెక్సాస్‌లో 2011లో ఒక చట్టం వచ్చింది. దాన్ని 'నటాషా చట్టం' అంటారు. సాకర్ ఆడుతూ తలకి దెబ్బలు తగిలిన అమ్మాయి పేరది. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే పిల్లవాడిని ఆట నుంచి తప్పించాలి, డాక్టరు సరేననేదాకా తిరిగి ఆడనివ్వకూడదు. అంటే నేను ఏం చెయ్యాలో స్పష్టంగానే ఉంది. అయినా ఒక పీరియడ్ అంతా ఆలోచించాను. తర్వాత స్కూలు అథ్లెటిక్ ట్రెయినర్‌కి చెప్పాను. వాడు రెండు శుక్రవారాలు ఆడలేదు. వచ్చినాయన మిగతావాళ్ళని చూసి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు, ఫోనూ చెయ్యలేదు. ఉత్తరం రాలేదన్నమాట.

వాళ్ళమ్మ నన్ను చూడటానికి వచ్చింది. నర్సింగ్ హోములో వృద్ధుల్ని చూసుకునే పని ఆమెది. రాత్రి డ్యూటీ దిగి అటునుంచే వచ్చింది, కూర్చోమన్నా కూర్చోలేదు. కోప్పడుతుందనుకున్నాను. నెమ్మదిగా, "మీరు చేసింది సరైనదే. నేను మీ చోట ఉన్నా అదే చేసేదాన్ని" అంది. కాసేపాగి, "కానీ మీకు వాడి తల ఒకటే కనపడింది. నాకు తలా కనపడుతుంది, వాడి కాలేజీ ఫీజూ కనపడుతుంది, వాడి చెల్లెలూ కనపడుతుంది. ఒకటే చూసి నిర్ణయం తీసుకోవడం మీకు సులువు" అంది.

నా దగ్గర జవాబు లేదు. కోచ్‌లకి వాడి కాళ్ళు కనపడ్డాయి. నాకు వాడి తల కనపడింది. వాడిని మొత్తంగా చూడాల్సిన భారం మాత్రం ఆ తల్లికి మిగిలింది. ఇలా మొత్తంగా చూసే పనికి జీతం లేదు, నక్షత్రాలూ లేవు. మనం స్త్రీల శ్రమ అని రాసేటప్పుడు వంటా, అంట్లూ లెక్కపెడతాం. ముక్కలుగా చూసే లోకం ముందు ఒక మనిషిని ముక్కలవకుండా కాపాడుకోవడం కూడా శ్రమేనని నాకు ఆమె దగ్గరే అర్థమైంది.

మరి చూడటమే తప్పా? కాదనుకుంటాను. టీచరు చూడకుండా ఎలా ఉంటుంది? ఎవరూ చూడకపోవడం కూడా హింసే. వెనక బెంచీ అమ్మాయిని అడిగితే చెబుతుంది. ఒకరిలో ఉన్న శక్తిని ముందుగా గుర్తించి, "నీలో ఇది ఉంది" అని చెప్పడం ఒక మనిషి ఇంకో మనిషికి చేయగలిగిన గొప్ప మేలు. తప్పు ఎక్కడుందంటే, తిరిగి చూసే హక్కు లేకుండా చెయ్యడంలో. చూసి, జవాబు చెప్పకుండా వెళ్ళిపోగలగడంలో. చూసినవాడికి తను చూసినదాని పట్ల ఏ బాధ్యతా లేకపోవడంలో. ఈ లెక్కన అక్టోబరులో నేను చేసింది కూడా సగమే. వాడి తల గురించి నేను నిజం చెప్పాను, అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. మిగతాదాని ఫలితం ఆ ఇంటికి వదిలేశాను.

డాక్టరు సరేనన్నాక వాడు మళ్ళీ ఆడాడు. ఆ చలికాలంలో చిన్న కాలేజీలు రెండు పిలిచాయి. ఒక సాయంత్రం వాడు, "మిస్, మిమ్మల్ని ఎవరైనా ఇలా చూశారా?" అని అడిగాడు. నేను తెనాలి సంగతి చెప్పాను. పేపరు చదివించడం దగ్గర పెద్దగా నవ్వాడు. తర్వాత, "మరి మీరు వాళ్ళనేమీ అడగలేదా?" అన్నాడు. అడగకూడదని కూడా నాకు ఎవరూ చెప్పలేదు. అడగొచ్చని తోచలేదు, అంతే.

ఆ రోజు ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాశాం. మోకాలు పోతే ఈ స్కాలర్‌షిప్ ఉంటుందా? అది ఒక ఏడాదికా, నాలుగేళ్ళకా? 1973 నుంచి దాదాపు నలభై ఏళ్ళు క్రీడా స్కాలర్‌షిప్పులు ఏడాదికోసారి తిరిగి ఇవ్వాల్సినవిగానే ఉండేవి, 2012 నుంచే ఎక్కువ ఏళ్ళకి ఇవ్వడానికి వీలైంది. గత అయిదేళ్ళలో చేరిన రిసీవర్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళెందరు? తలకి దెబ్బ తగిలితే ఆపే అధికారం కోచ్‌దా, డాక్టరుదా? ఇప్పుడు కాలేజీలే ఆటగాళ్ళకి డబ్బు పంచే రోజులొచ్చాయి, 2025లో కోర్టు ఒప్పుకున్న పరిష్కారం తర్వాత. ఆ డబ్బులో చిన్న కాలేజీల పిల్లలకి ఏమైనా వస్తుందా? చివరి ప్రశ్న వాడే రాశాడు: "మీరు చూసి వద్దనుకున్నవాళ్ళకి ఆ మాట చెబుతారా?"

రెండు కాలేజీల వాళ్ళనీ అవే ప్రశ్నలు అడిగాడట. ఒకాయన నవ్వి, "నువ్వు లాయరువి అవుతావా?" అన్నాడట. ఇంకొకాయన కాగితం తీసుకుని ఒక్కో ప్రశ్నకీ జవాబు రాసిచ్చాడట, రెండింటికి "నాకు తెలియదు" అని. వాడు ఆ రెండో కాలేజీలో చేరాడు. అది మంచి నిర్ణయమో కాదో చెప్పడానికి ఇంకా చాలా ఏళ్ళు కావాలి. వాడి మెదడు గురించి నా భయం పోలేదు.

ఇప్పటికీ శుక్రవారం రాత్రుళ్ళు స్టేడియానికి వెళ్తుంటాను. ఏ పిల్లవాడో గాల్లోకి లేచి బంతి అందుకున్నప్పుడు అందరితో పాటు నేనూ లేచి అరుస్తాను. అరిచాక వెంటనే కూర్చోను. వాడు కింద పడి, మళ్ళీ లేచి నిలబడి, తల తిప్పి చుట్టూ చూసేదాకా అలాగే నిలబడతాను. పై వరసల్లో ఎక్కడో ఒక తల్లి కూడా నిలబడే ఉంటుంది.